ఒంటరిగా విమానం ఎక్కాలంటే గుండె దడ... ఏం చేయను?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు 57 ఏళ్ళు. మావారు పోయి మూడేళ్ళయింది. అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, ఇప్పుడు ఆరో నెల, తొలికాన్పు. నాకు వీసా వచ్చింది. ఎనిమిదో నెలలో వెళ్ళేలా హైదరాబాద్ నుంచి దోహా మీదుగా టికెట్ తీశారు. ఒక్కదాన్నే వెళ్ళాలి. ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఆయన ఉన్నప్పుడు అన్నవరం వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా టికెట్లు ఆయన జేబులోనే ఉండేవి, నేను వెనకాల నడిచేదాన్ని. ఏడో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను గానీ మాట్లాడలేను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ‘నువ్వు వెళ్ళలేవమ్మా, దోహాలో తప్పిపోతావు’ అంటున్నాడు. అమ్మాయేమో రోజులు లెక్కపెట్టుకుంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. బీపీ పెరిగింది, డాక్టర్ వద్దన్నారని అబద్ధం చెప్పి మానేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అబద్ధం సంగతి మాట్లాడదాం. దయచేసి ఆ మాట అనకండి. కడుపుతో ఉన్న పిల్లకు, అమ్మకు ఒంట్లో బాగాలేదట, డాక్టర్ ప్రయాణం వద్దన్నారట అని తెలిస్తే ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు ఉంటుందా? అంత దూరం నుంచి వచ్చి చూసే వీలు కూడా ఉండదు. మీ దిగులు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. దాని బదులు ఉన్న మాటే చెప్పండి. ‘నాకు రావాలనే ఉంది, కానీ చాలా భయంగా ఉంది’ అనండి. ఆ మాట అనడానికి సిగ్గుపడుతున్నట్టున్నారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీ భయం తెలిస్తేనే కదా అమ్మాయి సాయం చేయగలిగేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో విమానం పడిపోతుందేమో అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నదల్లా టికెట్లు ఆయన జేబులో ఉండేవన్న మాట. మీ భయం విమానం గురించి కాదనిపిస్తోంది. ముందు నడిచే మనిషి లేకుండా తొలిసారి బయటికి అడుగుపెడుతున్నారు, అదీ ఏకంగా అమెరికాకి. ఆ దడలో ఆయన లేని లోటు కూడా కలిసి ఉంది. ఏడుపొస్తే ఏడవండి. అది మీ చేతకానితనం కాదు. మూడేళ్ళుగా ఇల్లు, పొలం లెక్కలు, బ్యాంకు పని ఎవరు చూసుకుంటున్నారు? వీసా ఇంటర్వ్యూలో కిటికీ ముందు నిలబడి సమాధానాలు చెప్పింది ఎవరు? ఈ ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన మెట్టు అదే, అది మీరు ఎక్కేశారు.

ఇక దోహా. ఇంగ్లీషు రానివాళ్ళు అక్కడ తప్పిపోతారన్నది నిజమైతే మీ గోదావరి జిల్లాల్లో సగం ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్‌లకు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు మీ చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఉంటారు. వాళ్ళలో చాలామంది మీకంటే తక్కువ చదువుకున్నవాళ్ళు. పసిపిల్లల్ని తల్లికి అప్పజెప్పి, తెలియని ఇంటికి, తెలియని భాషలోకి ఒంటరిగా విమానం ఎక్కి వెళ్ళారు. అలా వెళ్ళొచ్చిన ఒకావిడని ఈ వారమే వెతికి పట్టుకోండి. ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, మొదటిసారి ఎలా వెళ్ళావమ్మా అని అడగండి. ఎక్కడ ఏ కాగితం చూపించింది, దారి తెలియనప్పుడు ఎవరిని అడిగింది, ఎక్కడ భయమేసింది, అన్నీ చెప్పించుకోండి. మీ అబ్బాయి, నేను చెప్పే దానికంటే ఆవిడ చెప్పేది మీకు ధైర్యాన్నిస్తుంది. ఆవిడ వెళ్ళొచ్చిన దారే మీదీ.

రెండో పని. ప్రయాణానికి ఇంకా రెండు నెలలు ఉంది కాబట్టి మొదటి విమానం దోహాది కాకుండా చూసుకోండి. రాజమండ్రి మధురపూడి నుంచి హైదరాబాద్‌కు విమానాలున్నాయి, గంటకు కాస్త అటూ ఇటూగా చేరుస్తాయి. హైదరాబాద్‌లో చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళింటికి ఒకసారి ఒక్కరే వెళ్ళి రండి. అబ్బాయి టికెట్ తీసి ఇవ్వొచ్చు, ఎయిర్‌పోర్టు గుమ్మం వరకే దింపాలి, లోపలంతా మీరే చూసుకోవాలి. చిన్న ఎయిర్‌పోర్టు, కౌంటర్ దగ్గర మీ భాషే మాట్లాడతారు. సామాను తూకం వేయించడం, చేతిసంచి, ఫోను ట్రేలో పెట్టడం, తనిఖీ గదిలో చేతులు చాపి నిలబడటం, సీటు నంబరు వెతుక్కోవడం, బెల్టు పెట్టుకోవడం, దిగాక పెట్టె కోసం ఎదురుచూడటం, ఇవన్నీ అక్కడే అలవాటైపోతాయి. కిటికీ సీటు అడగండి. పైకి లేచాక గోదావరి కనిపిస్తే చూడండి, ఇన్నేళ్ళూ ఒడ్డున నిలబడి చూసిన నది పైనుంచి వేరేగా ఉంటుంది. ఖర్చు దండగ అని మాత్రం అనుకోకండి, రెండు నెలల నిద్ర దానికంటే విలువైనది.

ఇప్పుడు అసలు ప్రయాణం. శంషాబాద్‌కు కనీసం నాలుగు గంటల ముందు చేరండి. కౌంటర్‌లో పెట్టెలు ఇచ్చేటప్పుడు రెండే మాటలు అడగాలి: ‘బ్యాగులు డల్లాస్ వరకేనా? రెండు బోర్డింగ్ పాసులూ ఇచ్చారా?’ మామూలుగా పెట్టెలు నేరుగా డల్లాస్‌కే వెళ్తాయి, దోహాలో మీరు వాటిని తీసుకోనక్కర్లేదు. వాటికి వేసిన చీటీల ముక్కలు పాస్‌పోర్టు వెనక అతికిస్తారు, పారేయకండి. దోహాలో దిగాక ‘ట్రాన్స్‌ఫర్స్’ అన్న బోర్డు పట్టుకుని నడవాలి. ‘అరైవల్స్’ వైపు వెళ్ళకూడదు, అది ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళ దారి. ఈ రెండు మాటలూ ఇంగ్లీషులో ఎలా ఉంటాయో అమ్మాయితో రాయించుకుని రోజూ చూస్తూ ఉండండి, కూడబలుక్కోకుండానే కంటికి అలవాటైపోతాయి. అక్కడ మళ్ళీ తనిఖీ ఉంటుంది, కంగారుపడకండి. తర్వాత పెద్ద టీవీ తెరల మీద మీ విమానం నంబరు పక్కన గేటు నంబరు, అంటే విమానం ఎక్కే ద్వారం నంబరు, చూసుకోవాలి. అర్థం కాకపోతే యూనిఫాం వేసుకున్న ఎవరికైనా బోర్డింగ్ పాస్ చూపించి ‘గేట్?’ అంటే చాలు. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో మన దేశం వాళ్ళు చాలామంది పనిచేస్తారు, హిందీలో రెండు ముక్కలు వచ్చినా పని జరిగిపోతుంది.

దోహా ఎయిర్‌పోర్టు మధ్యలో ఇంటికంటే ఎత్తున ఒక పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంది, దాని తల మీద దీపం. దూరం నుంచే కనబడుతుంది, మీకు మంచి గుర్తు. కానీ అక్కడ ఆగిపోకుండా ముందు మీ గేటు ఎక్కడో చూసి రండి, తర్వాత మిగతావి. అమెరికా విమానాలకు గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ ఉండొచ్చు, అందుకే అక్కడికి ముందుగానే చేరి కూర్చోవాలి.

ఒక్క విషయం మరీ మరీ చెబుతున్నాను. దోహా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. దోహాలో ఎక్కే విమానం బోర్డింగ్ పాస్ మీద దోహా టైమే వేస్తారు. ఫోను నెట్‌కు కలిస్తే మామూలుగా తనే మారిపోతుంది, చేతి గడియారం మారదు. దిగగానే గోడ మీద టైము చూసి మీ గడియారం సరిచేసుకోండి. ఫోనులో అక్కడి ఉచిత వైఫై ఎలా కలపాలో అబ్బాయి మీకు ఇంట్లోనే నేర్పాలి. వాట్సాప్ కాల్ కలవకపోవచ్చు, ‘గేటు దగ్గర కూర్చున్నాను’ అని వాయిస్ మెసేజ్ పెట్టండి.

మోకాళ్ళ నొప్పులున్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే వీల్‌చైర్ కావాలని టికెట్ తీసినవాళ్ళతో ముందే చెప్పించండి, మొహమాటపడకండి. నడవగలిగితే మాత్రం భాష రాదన్న ఒక్క కారణంతో అడగొద్దని నా అభిప్రాయం. నడవలేని పెద్దలు దాని కోసం ఎదురుచూస్తూ ఉంటారు, పైగా కూర్చోబెట్టి తోసుకెళ్తే మీకు దారి తెలియదు, తిరుగు ప్రయాణానికి మళ్ళీ ఇదే భయం. చేయి పట్టి తీసుకెళ్ళే మనిషి కావాలంటే ఎయిర్‌లైన్స్‌లో ‘మీట్ అండ్ అసిస్ట్’ అనే సదుపాయం ఉందేమో అమ్మాయిని కనుక్కోమనండి.

దోహా నుంచి డల్లాస్ సుమారు 16 గంటలు. మీరు శాకాహారులైతే ‘ఏషియన్ వెజిటేరియన్ మీల్’ అని ముందే నమోదు చేయించాలి. ‘హిందూ మీల్’ అని ఉంటుంది, పేరు చూసి అది రాయిస్తారు చాలామంది, అందులో మాంసం ఉంటుంది. రెండు గంటలకోసారి లేచి అటూ ఇటూ నడవండి, కూర్చున్నప్పుడు మడమలు తిప్పుతూ ఉండండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే పిప్పరమెంటు చప్పరించండి. బాత్రూం తలుపు మధ్యలో నొక్కితే మడతపడి తెరుచుకుంటుంది. గడియ పూర్తిగా జరిపితేనే లోపల లైటు బాగా వెలుగుతుంది. మీట నొక్కగానే బుస్సుమని పెద్ద చప్పుడవుతుంది, అది మామూలే. చెంబు ఉండదు, చిన్న ఖాళీ సీసా దగ్గర పెట్టుకోండి. ఇవి అడగడానికి ఆడవాళ్ళు మొహమాటపడి గంటల తరబడి నీళ్ళు తాగకుండా కూర్చుంటారు, అందుకే రాస్తున్నాను. మీకు నిజంగా బీపీ ఉంటే డాక్టర్‌కు ఒకసారి చూపించుకుని, మందులు, చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి.

బాలింత పథ్యానికని శొంఠి, వాము, కారప్పొడులు సర్దుతూనే ఉంటారు. పచ్చళ్ళు గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెల్లోనే పెట్టండి, చేతిసంచిలో పెడితే నూనె ఉందని తనిఖీలో తీసేస్తారు. కొబ్బరి కురిడీలు మాత్రం అసలు వద్దు, త్వరగా అంటుకునే వస్తువని విమానంలో రానివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్ళు అమెరికాలోకి రానివ్వరు. తినేవి ఉన్నాయా అని అక్కడ అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే పనికిరానివి తీసేస్తారు, దాచితే జరిమానా వేస్తారు.

డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతారు. ‘డాటర్, డెలివరీ’ అనండి, తిరుగు టికెట్ చూపించండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మీ బలం. తోచకపోతే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్’ అనండి. ఈ ఒక్క వాక్యం అద్దం ముందు పదిసార్లు అనుకోండి. అమ్మాయి పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, విమానాల నంబర్లు ఇంగ్లీషులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకోండి. ఫోను ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితానికి ఆ బాధ లేదు.

మీ అబ్బాయి గురించి. ‘వెళ్ళలేవు’ అన్నది ప్రేమతోనే అయి ఉంటుంది, నాన్న పోయాక మీకేమైనా అవుతుందని అతనికీ భయం. కానీ ఆ మాట పదే పదే వింటే మనిషి నిజంగానే కుంగిపోతుంది. ‘నాకు దారి నేర్పు, వద్దని మాత్రం అనకు’ అని అతనితో అనండి. బెంగళూరు నుంచి రెండు రోజుల సెలవు మీద రమ్మనండి. పక్కన కూర్చోబెట్టుకుని టికెట్ మీద ఏది ఏమిటో చదివించుకోండి: ఇది పీఎన్ఆర్, ఇది విమానం నంబరు, ఇది బయల్దేరే టైము. అతను చెప్పాక కాగితం తీసుకుని మీరు తిరిగి అతనికి చెప్పండి. తప్పు పోతే మళ్ళీ చెప్పించుకోండి.

తర్వాత అమ్మాయికి ఫోన్ చేయండి. పథ్యం కారంలో ఏం వేయాలో, చంటిబిడ్డకు ఎన్ని పాతచీర ముక్కలు సర్దాలో మాట్లాడుకోండి. చిన్న గుడ్డసంచి ఒకటి కుట్టించుకుని పాస్‌పోర్టు, టికెట్ అందులో పెట్టి మెడలో వేసుకోండి. మధురపూడి వెళ్ళేటప్పుడు కూడా అదే సంచి వేసుకెళ్ళండి.