ఆల్టర్నేటర్ మళ్లీ మళ్లీ పోతుంటే, ఇంకోటి కొనేముందు పోయినదాన్ని విప్పించి చూడండి

మీరడిగింది ఇది: ట్రక్కుకి కొత్త ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం) వేయించిన కొన్ని నెలలకే మళ్లీ పోతోంది, ఇప్పటికి మూడు పోయాయి, మెకానిక్ ఏమో సరుకు నాసిరకం అంటున్నాడు, ఇంకాస్త ఖరీదైనది వేయిస్తే సమస్య తీరుతుందా అని.

తీరదనే నేననుకుంటున్నాను. ఒకటి పోతే సరుకు లోపమే కావచ్చు. వరసగా మూడు పోయాయంటే మాత్రం వాటిని పాడుచేస్తున్నది బండిలో ఇంకెక్కడో ఉంది. అది దొరికేదాకా ఎంత మంచి ఆల్టర్నేటర్ వేసినా దానికీ అదే గతి. మా ట్రక్కుతో ఇదే బాధ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా, పోయిన ఆల్టర్నేటర్‌ని పాత సామాను కింద ఇచ్చెయ్యకండి. ఆటో ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి దాన్ని విప్పించండి. "పోయింది" అనే మాట దగ్గర ఆగిపోతే మళ్లీ మొదటికే వస్తారు. అందులో ఏది పోయింది? ఏసీ కరెంటుని డీసీగా మార్చే డయోడ్ ప్లేటా, వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటరా, లోపల తిరిగే రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లా, బేరింగా, రోటర్ చుట్టూ కదలకుండా ఉండే రాగి చుట్లు, అంటే స్టేటర్ వైండింగా? ఒక్కొక్కటి ఒక్కో కారణంతో పోతుంది. మూడుసార్లూ అదే భాగం పోయి ఉంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

మా బండిది 24 వోల్టుల సిస్టమ్, 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపి) ఉంటాయి. ఎప్పుడు విప్పినా డయోడ్లే మాడి ఉండేవి. చివరికి ఒక పెద్దాయన చేతికి బండి వెళ్లింది. ఆయన ఆల్టర్నేటర్ని ముట్టుకోకుండానే అడిగిన మొదటి ప్రశ్న, "హెడ్‌లైట్ బల్బులు ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు?" అని. నిజంగానే బల్బులు ఊరికే మాడిపోయేవి. ఇంకో సంగతి కూడా చెప్పాం: రాత్రిపూట బండి గుంతలో దిగినప్పుడు హెడ్‌లైట్లు ఒక్క క్షణం తెల్లగా భగ్గుమని మళ్లీ మామూలైపోయేవి. అది వినగానే ఆయన నేరుగా బ్యాటరీ కేబుళ్ల దగ్గరికి వెళ్లారు.

ఆ రెండు గుర్తుల వెనక ఉన్న సంగతి ఇది. ఆల్టర్నేటర్ బాగా కరెంటు ఇస్తున్న సమయంలో బ్యాటరీ కనెక్షన్ ఒక్క క్షణం తెగినా చాలు, వోల్టేజి అమాంతం పైకి లేస్తుంది. రెగ్యులేటర్ వెంటనే ఫీల్డ్ కరెంటు (రోటర్‌ని అయస్కాంతంగా మార్చే కరెంటు) తగ్గించబోతుంది గానీ రోటర్‌లోని అయస్కాంత శక్తి అంత త్వరగా తగ్గదు. బ్యాటరీ ఉంటే ఆ పోటుని మింగేస్తుంది. అది లేనప్పుడు 24 వోల్టుల బండిలో వంద వోల్టులు దాటిపోవచ్చు. మొదటి దెబ్బ డయోడ్ల మీదా రెగ్యులేటర్ మీదా పడుతుంది, ఆ తర్వాత బల్బులు, ఈసీఎం (ఇంజిన్‌ని అదుపుచేసే కంప్యూటర్) లాంటి ఎలక్ట్రానిక్స్ వంతు.

ఆయన చేసిన పరీక్ష చాలా చిన్నది. ఇంజిన్ ఆపేసి, హెడ్‌లైట్లు వేయించి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఛాసిస్‌కి బిగించి ఉన్నచోట చేత్తో అటూ ఇటూ కదిపారు. లైట్లు మినుకుమన్నాయి. పైకి చూస్తే అక్కడ ఏ తప్పూ లేదు. నట్టు బిగుతుగానే ఉంది, లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొస) కూడా శుభ్రంగానే ఉంది. కానీ లగ్గు పక్కన ప్లాస్టిక్ తొడుగుని బ్లేడుతో కోసి వెనక్కి లాగితే లోపల రాగి తీగలన్నీ ఆకుపచ్చగా పొడిపొడిగా రాలాయి. ఏవో నాలుగు పోగులు మాత్రం ఎర్రగా మెరుస్తూ మొత్తం బండి కరెంటుని మోస్తున్నాయి. నిలబడి ఉన్నప్పుడు అవి సరిపోయేవి. రోడ్డు మీద కుదుపు వచ్చినప్పుడల్లా సంబంధం తెగి అతుక్కునేది.

అందుకే ఈ పరీక్ష మీరూ చేయండి, ఇంజిన్ ఆపి మాత్రమే. నడుస్తున్న ఇంజిన్ మీద కేబుళ్లు కదిపితే, ఆ లూజు కనెక్షన్ వల్ల జరుగుతున్న నష్టాన్నే మీరు చేతులారా చేసినట్టవుతుంది. కేబుల్ చెడిందని తేలితే అతుకులు వేయించకుండా అదే మందం ఉన్న కొత్తది మార్పించండి. ఛాసిస్ మీద లగ్గు కూర్చునేచోట రంగు, తుప్పు గీకించి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయించాలి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీనీ, రెండు బ్యాటరీలను కలిపే చిన్న కేబుల్‌నీ చాలామంది మర్చిపోతారు. వాటినీ వదలొద్దు.

కదిపితే తెలియనిది మీటరుతో తెలుస్తుంది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. వదులు బట్టలు, తువ్వాళ్లు బెల్టు దరికి రానివ్వకుండా జాగ్రత్తపడండి. ముందు ఇంజిన్ ఆపి, కొన్ని గంటలు నిలిచిన బ్యాటరీలను విడివిడిగా చూడండి. పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ ఒక్కొక్కటి 12.6 దగ్గర చూపించాలి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఉండే వేగం) కంటే కొంచెం పైన పెట్టి, రెండు బ్యాటరీలకీ కలిపి చూస్తే సాధారణంగా 27.5 నుంచి 28.5 మధ్య ఉంటుంది. 12 వోల్టుల బండి అయితే 13.8 నుంచి 14.4. దీన్ని బాగా మించి ఉంటే రెగ్యులేటర్ అదుపు తప్పిందని అర్థం.

అసలు విషయం ఆ తర్వాతి రీడింగులో ఉంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఒక తీగ ఆల్టర్నేటర్ వెనకున్న బీ ప్లస్ స్టడ్ (కరెంటు బయటికొచ్చే బోల్టు) మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. లగ్గు మీద కాదు, సీసపు పోస్ట్ మీదే పెట్టాలి. 0.2, 0.3 వోల్టుల తేడా ఫర్వాలేదు. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో అడ్డం ఉంది: కేబుల్‌లోనో, ఫ్యూజ్ లింక్‌లోనో, బ్యాటరీని బండి నుంచి విడదీసే కటాఫ్ స్విచ్‌లోనో. అలాగే ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్ పోస్ట్‌కీ మధ్య చూడండి, అది 0.2 లోపే ఉండాలి. ఇదే మీటరుని ఏసీ వోల్టుల మీదకి తిప్పి బ్యాటరీ దగ్గర చూస్తే డయోడ్ల సంగతి కూడా కొంత తెలుస్తుంది. అర వోల్టుకి పైగా ఏసీ కనిపిస్తే ఒక డయోడ్ పోయి ఉంటుందని అనుమానించాలి. ఒక డయోడ్ పోయినా బండి నడుస్తూనే ఉంటుంది, మిగతావాటి మీద భారం పెరిగి అవీ పోతాయి.

ఇక బ్యాటరీలు. 24 వోల్టుల బండ్లలో ఎక్కువగా చూసే తప్పు, ఫోన్ చార్జర్‌కో మ్యూజిక్ సిస్టమ్‌కో 12 వోల్టులు కావాలని రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచి వైరు లాగడం. మా బండిలో కూడా అంతకుముందెవరో అలా లాగి పెట్టారు. దానివల్ల ఒక బ్యాటరీ రోజూ కొంత ఖాళీ అవుతుంది, రెండోది అవదు. ఆల్టర్నేటర్‌కి తెలిసేది మొత్తం 28 వోల్టులే. ఆ 28 రెండిటికీ సమానంగా పంచుకోబడవు. ఖాళీ అయినది 13 దగ్గర ఆకలితో ఉంటే నిండినది 15 దగ్గర ఉడికిపోతుంటుంది. నిండినదానిలో నీళ్లు ఇంకిపోతాయి, ఖాళీది ఎప్పటికీ నిండదు. చివరికి ఏదో ఒక సెల్ షార్ట్ అవుతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ ఎంత పోసినా బ్యాటరీ నిండక, రోజంతా ఫుల్ లోడ్ మీద నడిచి వేడెక్కి పోతుంది. 12 వోల్టులు కావాలంటే 24 నుంచి 12కి మార్చే కన్వర్టర్ పెట్టించుకోండి. బ్యాటరీలు మార్చేటప్పుడు కూడా రెండూ ఒకేసారి, ఒకే రకం మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే ఇదే కథ మొదలవుతుంది.

డయోడ్లు కాకుండా మీ ఆల్టర్నేటర్లలో స్టేటర్ వైండింగ్ మాడి ఉంటే, అది ఎలా మాడిందో గమనించండి. చుట్టూ అంతా ఒకేలా నల్లబడితే చాలాకాలం ఓవర్‌లోడ్ మీదో, గాలి అందకుండానో నడిచిందని. కొన్ని చుట్లు మాత్రమే నల్లబడి మిగతావి రాగి రంగులోనే ఉంటే డయోడ్ షార్టో, లోపలి వైండింగ్ షార్టో అయి ఉంటుంది. ఓవర్‌లోడ్ అనిపిస్తే లెక్క తేలికే. అదనంగా పెట్టించిన లైట్లు, ఇన్వర్టర్, ఫ్యాను, అన్నిటి వాట్లూ కూడి 28తో భాగించండి. 70 వాట్ల లైట్లు ఎనిమిది ఉంటే వాటికే 20 ఆంపియర్లు. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న ఆంపియర్లు ఇంజిన్ బాగా తిరిగినప్పటివి, ఐడిల్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. గంటల తరబడి ఐడిల్‌లో పెట్టి అన్నీ వాడే బండికి పెద్ద ఆల్టర్నేటరే దారి. మీరడిగిన ఖరీదైన ఆల్టర్నేటర్ అవసరమయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే.

బేరింగ్ పోయి ఉంటే బెల్టు వైపు చూడాలి. జారుతోందని బెల్టుని అతిగా బిగిస్తే ముందు వైపు బేరింగ్ తట్టుకోలేదు. వదులుగా ఉంటే జారి వేడెక్కి చార్జింగ్ పడిపోతుంది. బ్రాకెట్ బోల్టు రంధ్రాలు కోలగా అరిగిపోయి ఆల్టర్నేటర్ వణుకుతుంటే కొత్త బేరింగ్ కూడా నిలవదు. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో పక్కనుంచి స్కేలు పెట్టి చూడమనండి.

బ్రష్‌లు, అవి రాసుకునే స్లిప్ రింగులు నూనెతో తడిసి నల్లటి జిడ్డు కట్టి ఉంటే కారణం పూర్తిగా వేరు. వ్యాక్యూమ్ బ్రేకులున్న చిన్న డీజిల్ బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వెనకే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, దానికి ఇంజిన్ ఆయిల్ వస్తుంది. ఆ సీలు పోతే ఆయిల్ నేరుగా లోపలికి దిగుతుంది. సీలు మార్చకుండా బ్రష్‌లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. పైనుంచి డీజిలో కూలెంటో కారుతున్నా అంతే. ప్రెషర్ వాటర్‌తో కడిగేవాళ్లకి ఆల్టర్నేటర్ మీద గొట్టం పెట్టొద్దని చెప్పండి.

బండి నడిపేవాళ్లందరికీ కూర్చోబెట్టి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా ఆగకముందే కటాఫ్ స్విచ్ తిప్పెయ్యకూడదు, అది కూడా నడుస్తుండగా బ్యాటరీ పీకినట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ తీసి "చూడండి, ఆల్టర్నేటర్ బాగుంది, ఇంజిన్ ఆగలేదు" అని చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని బండి మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ఛాసిస్ మీద వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ కేబుళ్లు తీయించాలి, ఈసీఎం ఉన్న బండిలో దాని కనెక్టర్లూ తీయించాలి. పూర్తిగా పడుకున్న బ్యాటరీలని జంప్ స్టార్ట్ చేసి ఆల్టర్నేటరే నింపుకుంటుందని వెళ్లిపోవద్దు. వాటిని బయట చార్జర్ మీద నెమ్మదిగా నింపి పెట్టండి. కొత్త ఆల్టర్నేటర్ వేసిన రోజున ఇది మరీ ముఖ్యం.

మా బండికి కేబుళ్లు, బ్యాటరీలు రెండూ మార్చి, ఆ 12 వోల్టుల వైరు పీకేశాక వేసిన ఆల్టర్నేటర్ పాతదాన్ని బాగుచేసిన రీబిల్ట్‌దే, కొత్తది కూడా కాదు. అదే ఇప్పటికీ నడుస్తోంది. బల్బులు మాడటం కూడా ఆగింది. అది బిగించిన రోజు వచ్చిన రీడింగులు ఒక కాగితం మీద రాసి క్యాబిన్‌లో ఉంచాం, సర్వీసుకి వెళ్లినప్పుడల్లా వాటితో పోల్చి చూస్తాం. మీరూ అలా పెట్టుకుంటే మార్పు మొదట్లోనే తెలుస్తుంది.

ఈలోపు రోడ్డు మీద మళ్లీ చార్జింగ్ లైటు వెలిగితే టెన్షన్ పడకుండా ముందు టెంపరేచర్ మీటరు చూడండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంపునీ ఆల్టర్నేటర్‌నీ తిప్పేది ఒకే బెల్టు. వేడి పెరుగుతుంటే బెల్టు తెగిందని అనుకుని, సురక్షితంగా పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. లేకపోతే ఇంజిన్‌కే ఎసరొస్తుంది. టెంపరేచర్ మామూలుగానే ఉంటే బ్లోయర్, అదనపు లైట్లు, చార్జర్లు ఆపేసి పగటిపూట దగ్గర్లోని చోటుకి చేరుకోవచ్చు, మధ్యలో ఇంజిన్ ఆపకుండా. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న బండి అయితే బ్యాటరీ పడిపోగానే ఇంజినూ ఆగిపోతుంది కాబట్టి అందులో ఎక్కువ దూరం సాహసం చెయ్యకండి.