కె-1 మీద వెళ్ళాలా, సీఆర్-1 మీద వెళ్ళాలా: మేనకోడలికి ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. నిన్న మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. ఇద్దరూ అడిగింది ఒకటే, అమెరికా వెళ్ళడానికి ఏ వీసా అయితే తొందరగా వస్తుంది అని. పెళ్ళి కుదిరిన పిల్లకి తొందర ఉండటం సహజమే. కానీ ఇన్నేళ్ళుగా ఇక్కడ అమెరికాలో దిగిన మన అమ్మాయిలని చూసి చూసి, నేను వేరే లెక్క చూడటం మొదలుపెట్టాను. విమానం దిగిన మర్నాడు ఆ పిల్ల ఉద్యోగం చేయొచ్చా? ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే వచ్చి చూసి మళ్ళీ తిరిగి వెళ్ళగలదా? స్టేటస్ ఆమె పేరు మీదే ఉందా, మొగుడి ఉద్యోగానికి ముడిపడి ఉందా? నాలుగు నెలలు ఆలస్యమైనా సరే, ఈ మూడింటికీ నిక్కచ్చిగా జవాబు దొరికే దారే మేలు.

మీ అబ్బాయి అమెరికా సిటిజన్ కాబట్టి నీకున్నవి రెండు దారులు. పెళ్ళికి ముందు కాబోయే భార్యగా వెళ్ళే కె-1, పెళ్ళయ్యాక భార్యగా వెళ్ళే సీఆర్-1. కె-3 అని కూడా ఎవరో ఒకరు చెప్తారు, అది పేరుకే ఉంది, పట్టించుకోకు.

కె-1 అంటే అబ్బాయి కాబోయే భార్య కోసం ఐ-129ఎఫ్ అనే ఫారం వేస్తాడు. వేసేనాటికి వెనక రెండేళ్ళలో మీరిద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలి, వీడియో కాల్స్ లెక్కలోకి రావు. వీసా వచ్చి నువ్వు వెళ్ళాక 90 రోజుల్లో అతన్నే పెళ్ళి చేసుకోవాలి. ఆ గడువు పొడిగించరు. అందరూ ఇక్కడిదాకానే చెప్తారు. అసలు కథ పెళ్ళయ్యాక మొదలవుతుంది. గ్రీన్ కార్డు కోసం ఐ-485 వెయ్యాలి, దాంతోపాటు వర్క్ పర్మిట్‌కీ, ప్రయాణ అనుమతికీ విడివిడిగా అప్లై చెయ్యాలి. ఆ ప్రయాణ అనుమతి (అడ్వాన్స్ పెరోల్ అంటారు) చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485 వదిలేసుకున్నట్టే లెక్క. అంటే కొత్త ఊళ్ళో, కొత్త ఇంట్లో, సొంతంగా రూపాయి సంపాదించే వీలు లేకుండా, ఇంటికి వచ్చిపోయే వీలూ లేకుండా నెలల తరబడి కూర్చోవాలి. చదువుకుని మన దేశంలో ఉద్యోగం చేసిన నీలాంటి పిల్లలకి ఆ నెలలు చాలా భారంగా గడుస్తాయి. ఒకవేళ ఆ పెళ్ళి జరగకపోతే వెనక్కి రావాల్సిందే. కె-1 మీద వచ్చినవాళ్ళు ఇంకొకరిని చేసుకుని అక్కడే గ్రీన్ కార్డు అడగడానికి లేదు.

సీఆర్-1లో ఆ ఎదురుచూపంతా నీ ఇంట్లో, నీ ఉద్యోగం చేసుకుంటూ గడుస్తుంది. పెళ్ళయ్యాక అబ్బాయి భార్య కోసం ఐ-130 ఫారం వేస్తాడు. అది ఓకే అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టి డీఎస్-260 అనే వీసా ఫారం నింపి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తే ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ వస్తుంది. (హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉండగా ముంబై ఎందుకని మీ నాన్న అడుగుతాడు. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళ ఇమిగ్రెంట్ వీసాలూ, కె వీసాలూ మామూలుగా ముంబైలోనే చూస్తారు.) ఆ వీసాతో ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టిన రోజు నుంచే నువ్వు పర్మనెంట్ రెసిడెంట్‌వి. పాస్‌పోర్టు మీద పడే ముద్రే ఏడాదిపాటు గ్రీన్ కార్డులా పనిచేస్తుంది, కార్డు పోస్టులో ఇంటికొస్తుంది. మర్నాడే ఉద్యోగంలో చేరొచ్చు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 2024 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, వీసా ఫీజు 325, స్పాన్సర్ కాగితాలకి 120, కార్డుకి 235. మొత్తం 1,305. కె-1కి ఐ-129ఎఫ్ 675, వీసా 265, ఆపైన ఐ-485కి 1,440. అక్కడికే 2,380, వర్క్ పర్మిట్ ఫీజు అదనం. కట్టే ముందు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్లో ఆ రోజు రేటు చూసుకోమను, ఇవి మారుతూ ఉంటాయి. ఒకప్పుడు కె-1 బాగా ముందు వచ్చేది కాబట్టి ఎక్కువ ఖర్చయినా అటు వెళ్ళేవాళ్ళు. ఆ తేడా ఇప్పుడు బాగా తగ్గింది. అందుకే నా ఓటు సీఆర్-1కే.

కె-1 ఎవరికీ పనికిరాదని కాదు. ఇండియాలో చట్టప్రకారం పెళ్ళి కుదరనివాళ్ళకి అదే దిక్కు. ఆడవాళ్ళిద్దరో మగవాళ్ళిద్దరో జంటయితే మన దేశంలో పెళ్ళికి గుర్తింపు లేదు, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా కాదంది. అలాంటివాళ్ళకి కె-1 చక్కటి దారి.

ఇప్పుడు మీ అమ్మ చెప్పిన ప్లాన్ సంగతి. "గుళ్ళో తాళి కట్టించేస్తాం వదినా, రిజిస్టర్ చేయించం, పిల్ల కె-1 మీద వెళ్తుంది, పెద్ద పెళ్ళి తర్వాత చేద్దాం" అంది. వద్దని అప్పుడే గట్టిగా చెప్పాను, నీకూ చెప్తున్నాను. హిందూ వివాహ చట్టంలో పెళ్ళిని పెళ్ళి చేసేది ఆచారం ప్రకారం జరిగిన తంతు. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. తాళి పడ్డాక నువ్వు కాబోయే భార్యవి కాదు, భార్యవే. కె-1 ఫారంలో పెళ్ళి కాలేదని రాస్తే అబద్ధం చెప్పినట్టు. నిశ్చితార్థం ఫోటోల్లో దండలు మార్చుకున్నట్టు కనిపిస్తేనే "ఇది పెళ్ళా?" అని తవ్వుతారు, ఇక తాళి సంగతి చెప్పాలా! దీన్నే తిప్పి చేస్తే మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు గుళ్ళో శాస్త్రోక్తంగా చేసుకుని, వెంటనే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి, సర్టిఫికెట్‌తో ఐ-130 వేసెయ్యండి. బంధువులందరితో విందు తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది, అతని సెలవులకి అది సరిపోదు. విదేశీ పౌరుడు కాబట్టి అతని వైపు నుంచి ఏ కాగితాలు కావాలో అతను బయల్దేరకముందే ఆ ఆఫీసులో కనుక్కోండి.

ముహూర్తం విషయంలో ఇంకో సంగతి ఉంది, మీ పంతులుగారికి తెలియనిది. నువ్వు అమెరికాలో అడుగుపెట్టేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే నీకిచ్చే గ్రీన్ కార్డు రెండేళ్ళదే. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి, నిజమైన కాపురమే అని చూపించాలి. దానికి మళ్ళీ 750 డాలర్లు. రెండేళ్ళు నిండాక దిగితే ఐఆర్-1 కింద నేరుగా పదేళ్ళ కార్డు. దీనికోసం పనిగట్టుకుని ఆగమని నేననను. కానీ కేసు సాగి సాగి వీసా వచ్చేసరికి పెళ్ళయి రెండేళ్ళు నిండే రోజు రెండు మూడు వారాల్లో ఉందనుకో, టికెట్ ఆ తర్వాతకి కొనుక్కో. వీసాకి మామూలుగా ఆరు నెలల దాకా గడువుంటుంది, తేదీ చూసుకో.

విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడే ఉండిపోవచ్చని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట చెప్పినవాళ్ళని మళ్ళీ సలహా అడక్కు. ఉండిపోవాలనే ఉద్దేశం మనసులో పెట్టుకుని చూసి వస్తానని ఆఫీసర్‌కి చెప్పడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. అది రికార్డుకి ఎక్కితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

నీ ఫ్రెండ్ సంగతి వేరు, ఆమెకి కుదిరిన అబ్బాయి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. భార్యగా ఆమెకి హెచ్-4 వస్తుంది, నీకంటే చాలా ముందే వెళ్తుంది కూడా. కానీ హెచ్-4 మీద ఊరికే ఉద్యోగం చేయనివ్వరు, చదువుకోవచ్చు అంతే. అబ్బాయి గ్రీన్ కార్డు కేసులో ఐ-140 (కంపెనీ అతని కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే, లేదా ఆ కేసు ఆధారంగా ఆరేళ్ళు దాటి హెచ్-1బీ పొడిగించి ఉంటే, ఆమె వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. 2015 మే నుంచి ఈ రూలు ఉంది. కాబట్టి ఆమె పెళ్ళిచూపుల్లో జీతం ఎంత అనడం కన్నా "ఐ-140 అయిందా" అని అడగడం మంచిది. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. అదే అబ్బాయి కంపెనీ బదిలీ మీద పంపే ఎల్-1 వీసా మీద ఉంటే భార్యకి ఆ బాధ లేదు, 2021 నవంబరు నుంచి ఎల్-2 మీద వచ్చే భార్యాభర్తలకి విడిగా పర్మిట్ లేకుండానే పని హక్కు ఉంది.

ఆమెకి ఇంకో ముఖ్యమైన మాట చెప్పు. అబ్బాయికి గ్రీన్ కార్డు దగ్గర్లో ఉంటే, అది వచ్చేలోపే పెళ్ళయిపోవాలి. అప్పటికే భార్య అయి ఉంటే అతని కేసు కిందే ఆమెకీ గ్రీన్ కార్డు దారి ఉంటుంది. కార్డు వచ్చాక పెళ్ళి చేసుకుంటే ఆమె గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ భార్యలకుండే ఎఫ్2ఏ క్యూలో చేరాలి, ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటూ. గ్రీన్ కార్డు వచ్చిన మనిషికి హెచ్-1బీ ఉండదు కాబట్టి హెచ్-4 మీద రావడానికీ వీల్లేదు. ఆషాఢం, మూఢం అని ముహూర్తం జరిపి ఈ సందులో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు. తేదీ ఖాయం చేసుకునే ముందు అతని లాయర్‌ని ఒక్క మాట అడగమను.

మళ్ళీ నీ దగ్గరికి వస్తే, కేసు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గరే. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో విడిగా ఉందా, లేక మొత్తం పేరు ఒకే గడిలో ఉందా చూడు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో నీ పేరు సర్‌నేమ్‌లోకి వెళ్ళి, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, హాస్పిటల్ చీటీ, అన్నిట్లోనూ నిన్ను ఫ్నూ అనే పిలుస్తారు. కేసు వేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకో. మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్లో నీ పేరు ఉందో, ఉత్త "ఆడ శిశువు" అని ఉందో చూడు. పుట్టినరోజు పదో తరగతి మెమోతో కలవాలి. పెళ్ళి సర్టిఫికెట్లో స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించు. కేసు నడుస్తుండగా అతని ఇంటిపేరుకి మారకు, మారాలనుంటే కార్డు వచ్చాక చూసుకోవచ్చు.

అబ్బాయి నీకు ఐ-864 ఇవ్వాలి. ఆదాయం పేదరిక రేఖకి 125 శాతమైనా ఉందని చూపిస్తూ నీ పోషణకి పూచీ పడే కాగితం అది. చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌ని పెట్టుకోవచ్చు, నేనున్నాను. విడాకులతో కూడా ఆ పూచీ తీరిపోదు, ఇది నీకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి, మంచి సంబంధమే అయినా చెప్తాను. పాస్‌పోర్టు, కార్డు, పెళ్ళి సర్టిఫికెట్ నీ దగ్గరే ఉంచుకో, కాపీలు మీ నాన్నకి మెయిల్ చెయ్యి. రెండేళ్ళ కార్డు మీదున్నా కాపురం చెడితే భర్త సంతకం లేకుండా ఐ-751 వేసే వీలుంది. సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాడు గానీ భార్యని హింసిస్తే ఆమె సొంతంగా పిటిషన్ వేసుకునే చట్టమూ ఉంది. అట్లాంటప్పుడు హెచ్-4 మీదున్న అమ్మాయిలకి కూడా వర్క్ పర్మిట్ అడిగే దారి ఉంది. నీ ఫ్రెండ్‌కీ ఈ మాట చేరవెయ్యి.

ఈ ఆదివారం లోపు నీ పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, బర్త్ సర్టిఫికెట్ మూడూ ఫోటో తీసి పంపు. పేర్లు పక్కపక్కన పెట్టి చూసి ఫోన్ చేస్తాను.

నీ
అత్త