కంటికి ఒకటే ఖాళీ

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసిన కొన్ని లైన్లను ఇంటికొచ్చి నా పైథాన్ ప్రోగ్రాం లూప్ మధ్యలో పేస్ట్ చేశాను. చూడ్డానికి అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. రన్ చేస్తే 'ట్యాబ్ ఎర్రర్' అంటోంది. ఎల్లుండే ప్రాక్టికల్స్, టెన్షన్‌గా ఉంది. పనిలో పనిగా, కోడ్‌కి ఏ ఫాంట్ మంచిదో కూడా చెప్పండి సర్.
– డిప్లొమా విద్యార్థిని, తణుకు

జవాబు: కంగారు పడకండి, రెండు నిమిషాల పని. నోట్‌ప్యాడ్‌లో ట్యాబ్ నొక్కితే ట్యాబ్ అక్షరమే పడుతుంది. మీ ఇంట్లో ఎడిటర్ అదే మీటకి 4 స్పేసులు పెట్టి ఉంటుంది. కంటికి రెండూ ఒకటే ఖాళీ. పైథాన్ మాత్రం లైను ముందున్న ఖాళీని (ఇండెంట్) బట్టే ఏ లైన్లు కలిసి ఒక బ్లాక్ అవుతాయో తేలుస్తుంది. అందుకే పైథాన్ 3 ఒకే బ్లాక్‌లో రెండూ కలగలిస్తే ఊరుకోదు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి 'కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్' ఎంచుకోండి. తర్వాత అన్ని లైన్లూ సెలెక్ట్ చేస్తే స్పేసులు చుక్కల్లా, ట్యాబులు బాణాల్లా కనబడతాయి. ఒక్క బాణం కూడా మిగలకూడదు.

అసలు ఎర్రర్ రావడం మీ అదృష్టం. నాకు అదీ రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో 42 మంది జీతాలు కూడే ప్రోగ్రాం రాశాను. ఒక్కో జీతాన్నీ మొత్తంలో కలిపే లైను, ముందు ఖాళీ తగ్గి, లూప్‌లోంచి (ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ నడిచే భాగంలోంచి) బయటికి జారింది. ప్రోగ్రాం చక్కగా నడిచి, చివరి మనిషి జీతాన్నే మొత్తంగా చూపించింది. అకౌంటెంట్‌గారు కళ్లజోడు పైకి జరిపి, "ఏమయ్యా, ఈ నెల వాచ్‌మన్‌కి ఒక్కడికేనా జీతం?" అన్నారు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2014లో బయటపడిన యాపిల్ భద్రతా లోపంలో 'గోటూ ఫెయిల్' (ఫెయిల్ అన్న చోటికి దూకు) అనే లైను రెండుసార్లు పడింది. రెండోదీ లోపలికి జరిగి ఉండటంతో చూసినవాళ్లకి అది కూడా 'ఇఫ్' అనే షరతు కిందిదే అనిపిస్తుంది. సీ భాషకి ఇండెంట్‌తో పనిలేదు. షరతు కింది లైన్లని కలిపి ఉంచే బ్రాకెట్లు లేవు కాబట్టి ఆ లైను షరతుతో సంబంధం లేకుండా నడిచేసింది.

ట్యాబా, స్పేసా అన్న గొడవలోకి నేను దిగను. కోడ్ ఎలా రాయాలో చెప్పే పైథాన్‌వాళ్ల సూచనల పత్రం పెప్ 8 నాలుగు స్పేసులు అంటుంది, గో భాషలో ట్యాబులే. ఊరికో ఆచారం.

ఫాంట్ అంటారా, విండోస్‌తో వచ్చే కన్సోలాస్ చాలు. సున్నాలో అడ్డగీత ఉంటుంది, ఓ అక్షరంతో పొరబడరు. ఏ ఫాంటైనా చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె పక్కపక్కన కొట్టి చూసి తీసుకోండి. తెలుగు ప్రింట్ చేసే ప్రోగ్రామైతే 'స్త్రీ' అని కూడా కొట్టండి. వత్తులు కింద తెగిపోతుంటే లైన్ హైట్ పెంచండి.