పొద్దుటి వంట రాత్రే మొదలుపెట్టు

చిత్తూరు

పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

పోయిన వారం మీ ఇంట్లో రెండు రోజులున్నాను కదా. నువ్వు బి షిఫ్ట్ ముగించుకుని రేణిగుంట నుంచి కంపెనీ బస్సులో తిరుపతికి వచ్చేసరికి రాత్రి పదకొండు. అల్లుడు ఫోన్‌లో తెప్పించిన ఫ్రైడ్ రైస్ చల్లారిపోయింది. నిలబడే నాలుగు ముద్దలు తిని పడుకున్నావు. పొద్దున బుజ్జోడు చాక్లెట్ బిస్కెట్లు పాలలో ముంచుకుని తిని బడికి పోయాడు. అప్పుడు నేనేమీ అనలేదు. అలసిపోయిన మనిషికి తప్పులు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇంటికొచ్చినా మనసు ఒప్పుకోక రాస్తున్నాను.

నేనూ ముప్పై ఏళ్లు పొద్దున ఏడు గంటల బస్సు పట్టుకుని పల్లె బడులకు పోయినదాన్నే. మొదట్లో పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం ఇంత చల్లటి అన్నం, ఊరగాయ. మీ అన్న పుట్టాక రక్తం తగ్గిపోయి, ఒకరోజు నల్లబల్ల ముందే కళ్లు తిరిగి కూలబడ్డాను. అప్పుడు మా అత్తమ్మ చెప్పిన మాటే నీకూ చెబుతున్నాను. పొద్దుటి వంట పొద్దున మొదలుపెడితే ఎవరికీ కుదరదు, ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి.

పడుకునే ముందు పది నిమిషాలు చాలు. ఒక గ్లాసు ఉలవలు కడిగి నానబెట్టు. పొద్దున కుక్కర్లో పెడితే, వాటి నీళ్లతో చారు అవుతుంది, ఉలవలకు తిరగమోత పెడితే గుగ్గిళ్లు అవుతాయి. బుజ్జోడి డబ్బాలో గుగ్గిళ్లే పెట్టు. ఆకుకూర కూడా రాత్రే ఏరి, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో. పొద్దున కందిపప్పుతో కలిపి ఉడికించి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఎనిపితే పులగూర. నువ్వు బి షిఫ్ట్‌లో ఉన్న వారం ఈ పది నిమిషాల పని అల్లుడిది. నేను చెప్పానని చెప్పు, చేస్తాడు.

ఇక సంగటి. నీకు సరిగా రావడం లేదన్నావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో బాగా మెత్తగా ఉడికించు. గంజి వార్చకు. ఒకటిన్నర గ్లాసు రాగిపిండి ఆ అన్నం మీద కుప్పగా పోసి, తెడ్డు కాడతో మధ్యలో గుంట చేసి మూత పెట్టు. కలపొద్దు. సన్నమంట మీద పది నిమిషాలు వదిలేస్తే పిండి ఆ ఆవిరికి ఉడుకుతుంది. నువ్వు తొందరపడి ముందే కలుపుతున్నావు, అందుకే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటోంది. దించాక గిన్నెను గట్టిగా పట్టుకుని, తెడ్డుతో అడుగు నుంచి గెలుకు. చేయి తడుపుకుని, వేడిమీదే ముద్దలు చెయ్యి. ఒక ముద్ద మిగిల్చి రాత్రి నీళ్లలో వేసి పెడితే, పొద్దున మజ్జిగ పోసి పిసికి, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని తాగొచ్చు. ఎండాకాలంలో నీ షిఫ్టుకు అంతకంటే మంచి టిఫిన్ నాకు తెలియదు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది దాకా ఉంటే ఎక్కువ.

సంగటిలోకి ఊరిబిండి చాలు. వేయించిన చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు మిక్సీలో బరకగా తిప్పి, చివర్లో ఉల్లిపాయ వేసి ఒక్కసారి తిప్పు. ఉల్లిపాయ నలిగిపోతే రుచి పోతుంది. గింజలు ఆదివారమే వేయించి డబ్బాలో పోసుకో.

మీ ఇంట్లో రాగి బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి చూశాను. పేరు చూసి కొన్నావని తెలుసు. ఈసారి వెనక్కి తిప్పి చదువు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలని నిబంధన ఉంది. మైదా, చక్కెర, నూనె అయ్యాక ఎక్కడో రాగిపిండి ఉంటే, అది రాగి బిస్కెట్ ఎలా అవుతుంది?

బయట తినొద్దని నేననడం లేదు. ఇడ్లీ బయట తిన్నా ఇడ్లీనే. నెలకోసారి ఆ ఫ్రైడ్ రైస్ తిన్నా ఏమీ కాదు. వారంలో నాలుగు రాత్రులు అదే కావడమే నాకు బాధ. అంతా ఒకేసారి మార్చాలని మాత్రం పూనుకోకు. ఈ వారం ఉలవలు ఒక్కటే నానబెట్టి చూడు.

సంక్రాంతికి అనపకాయలు వస్తాయి కదా, అప్పుడు నేనే వచ్చి ఉంటాను. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున బుజ్జోడిని పక్కన కూర్చోబెట్టుకుని పితికిస్తాను. తన చేత్తో పితికిన పప్పు అయితే వాడు వద్దనడు. మీ అన్న కూడా అలాగే కూరలు తినడం నేర్చుకున్నాడు.

ఆదివారం మీ పెదనాన్న తిరుపతికి వస్తున్నారు. ఐదు కిలోల రాగిపిండి, రెండు కిలోల ఉలవలు, మన చేలోని చెనక్కాయలు పంపుతున్నాను. పిండికి పురుగు పట్టకుండా గాలి చొరబడని డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ