బిడ్డకు వైద్యం, తల్లికి నిద్ర

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గరి పల్లె. మా ఆరేళ్ల బాబుకు లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలి ఎనిమిది నెలలయింది. విశాఖలో కీమో నడుస్తోంది. బాబు తట్టుకుంటున్నాడు, నేనే తట్టుకోలేకపోతున్నాను. రాత్రికి పదిసార్లు లేచి వాడి ఒళ్లు ముట్టుకుని చూస్తాను. పదేళ్ల పెద్దమ్మాయిని అయినదానికీ కానిదానికీ కసురుతున్నాను. మావారు నోరు విప్పరు. ఏ పాపం చేశామోనని అత్తగారు ఏడుస్తుంటే, కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానోననిపిస్తుంది. అరసవల్లి మొక్కు కూడా తీర్చలేకపోయాం.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఈ జబ్బు మీ వల్ల రాలేదు. ఎముక మూలుగలో రక్తకణాలు తయారయ్యే చోట ఏదో ఒక కణంలో జన్యువులు మారి, అది అదుపు లేకుండా పెరగడం వల్ల వస్తుంది. చాలామంది పిల్లల్లో ఆ మార్పు ఎందుకు వచ్చిందో వైద్యులే కారణం చూపలేరు. అత్తగారితో మీరు వాదించకండి. ఈసారి ఆస్పత్రికి ఆమెను వెంట తీసుకెళ్లి, ఈ మాట డాక్టరు చేతే చెప్పించండి.

మీ అలసట గురించి రాయడానికి సంకోచించవలసిన పని లేదు. ఈ వైద్యం మొత్తం మీద రెండు మూడేళ్లు సాగుతుంది. తొలి నెలల గట్టి మందులు పూర్తయ్యాక మిగిలిన కాలంలో ఎక్కువ భాగం ఇంట్లో మాత్రలు వేయడంతోనే నడుస్తుంది, ఆ మాత్రలు తరచుగా తప్పితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అంటే బాబు వైద్యం ఇక మీదట మీ చేతుల మీదుగా జరగాలి, నెలల తరబడి నిద్ర లేని మనిషి చేత అది సవ్యంగా జరగదు. అందుకే మీ నిద్రను నేను బాబు మందుల చీటీలోనే కలిపి చూస్తున్నాను.

రాత్రిని ఇద్దరూ పంచుకోండి: రాత్రి రెండింటి దాకా ఆయన, తర్వాత మీరు. చేత్తో తాకి చూడటం మాని, అనుమానం వచ్చినప్పుడు థర్మామీటరు పెట్టండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించితే ఏ వేళయినా సరే, సొంతంగా జ్వరం మాత్ర వేయకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. ఈ కట్టుబాటు ఇద్దరికీ తెలిసి ఉంటే, ఆయన వంతులో మీరు కళ్లు మూసుకోగలుగుతారు. నోరు విప్పని మగవాడికి బాధ లేదనుకోవడం మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు. ఎలా ఉన్నారని అడిగితే ఆయన చెప్పకపోవచ్చు, కానీ పని అప్పగిస్తే అందుకుంటారు.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ, రాత్రింబవళ్లు తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగవద్దు, ఆ క్షణమే చేయండి. విశాఖకు రైలులో వెళ్తున్నట్లయితే, క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి టికెట్టు రాయితీ ఉంది, అందుకు కావలసిన ధ్రువపత్రం ఆస్పత్రిలో అడిగి తీసుకోండి.

ఇక మొక్కు. రోగాలను అడ్డుకునే తెల్లకణాలు తగ్గి ఉన్న బిడ్డను గుడి రద్దీలోకి తీసుకెళ్లకూడదు, డాక్టరు సరేననేదాకా బాబును ఇంట్లోనే ఉంచండి. ఈలోగా జనం తక్కువగా ఉండే రోజు చూసుకుని, బాబును మీవారికి అప్పగించి, పెద్దమ్మాయిని మాత్రం వెంటబెట్టుకుని అరసవల్లి వెళ్లిరండి. దారిలో తమ్ముడి జబ్బు సంగతి కాకుండా, ఆ పిల్ల బడి కబుర్లు అడగండి.