ట్యాంకు నింపేదెవరు?

తమ్ముడూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. శని వలయాల దగ్గర రెండు నౌకల పోరు బాగా కుదిరింది, ముఖ్యంగా కెప్టెన్లిద్దరూ రేడియోలో తిట్టుకునే చోట. కానీ నాలుగో పేజీలో ఆగిపోయాను. యాంటీమేటర్ ట్యాంకుకు చిల్లు పడిందన్నావు, అయినా నౌక కుంటుకుంటూ ఇల్లు చేరిందన్నావు. యాంటీమేటర్ అంటే మామూలు పదార్థానికి తగిలితే రెండూ మాయమై శక్తిగా మారిపోయే పదార్థం. ఒక్క గ్రాము తగిలితే దాదాపు 43 కిలోటన్నుల పేలుడు. హిరోషిమా బాంబు సుమారు 15. ట్యాంకెడు పోతే శని చుట్టూ తిరిగే ఉపగ్రహాలకే టెన్షన్ పట్టుకోవాలి, నీ కెప్టెన్ మాత్రం టీ తాగుతున్నాడు!

నేనేం తక్కువ తినలేదులే. నా మొదటి కథలో నౌక 'నీలి స్ఫటిక శక్తి'తో నడిచేది. ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ కార్డు మీద ఒకే ముక్క రాశాడు: "దీన్ని ట్యాంకులో పోసేదెవరు? ఎలా పోస్తారు?" జవాబు దొరక్క ఆ కథ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. అప్పుడు ఒళ్లు మండింది కానీ, ఇప్పుడు ఏ కథ మొదలుపెట్టినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను.

కొత్త ఇంధనాన్ని ఊహించే ముందు, నిజంగా యుద్ధానికెళ్లిన ఒక రాకెట్ విమానం సంగతి విను. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లు ఎగరేసిన మెస్సర్‌ష్మిట్ మీ 163 కోమెట్. దానికి రెండు ద్రవాలు. ఒకటి టీ-స్టాఫ్, అంటే 80 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండోది సీ-స్టాఫ్, మిథనాల్‌లో హైడ్రజీన్ హైడ్రేట్ కలిపింది. రెండూ కలిస్తే చాలు, అగ్గిపుల్లతో పనిలేదు. అందుకే రెండు ట్యాంకర్లనూ ఒకేసారి విమానం దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒకటి పోసి వెళ్లిపోవాలి, ఒలికినదంతా నీళ్లతో కడగాలి, అప్పుడే రెండోది రావాలి. ఇక పైలట్ సీటుకు అటూ ఇటూ పెరాక్సైడ్ ట్యాంకులే! బట్ట మీద పడితే బట్ట అంటుకుంటుంది, ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది.

ఇంత భయపడి నింపిన ఇంధనం ఎంతసేపు వచ్చేదనుకున్నావు? ఏడెనిమిది నిమిషాలు. నాలుగు నిమిషాల లోపే 12 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కేది, శత్రువుకు అందేది కాదు. ఇంధనం అయిపోగానే అది ఉత్త గ్లైడర్. అవతలి పైలట్లు ఆ గుట్టు పట్టేశారు. పైన వెంటపడడం మానేసి, అది దిగే చోట కాపు కాశారు. పైగా చక్రాలు పైకి లేచేటప్పుడే వదిలేస్తుంది కాబట్టి పొట్ట కింది బద్దె మీద జారుతూ దిగాలి. ట్యాంకులో కాస్త మిగిలి ఉండి, నేల గట్టిగా తగిలితే అంతే సంగతులు. వ్యూహం, భయం, చావు అన్నీ ఆ రెండు ట్యాంకుల్లోంచే వచ్చాయి, చూశావా? నీ కథలో నౌక కింద 'నీలి మంట' తప్ప నాకేమీ కనపడలేదు.

చిత్రమైన ఇంధనమే కావాలంటే క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ ఉంది. ఇది కూడా జర్మన్లు యుద్ధకాలంలో తయారుచేసిందే, తర్వాత అమెరికన్లు రాకెట్లలో ఆక్సిడైజర్‌గా, అంటే ఇంధనాన్ని మండించే రెండో ద్రవంగా, వాడాలని చూశారు. ఇసుకను మండిస్తుంది, గాజును మండిస్తుంది, నీళ్లు పోస్తే పేలుతుంది. ఒకసారి టన్ను దాకా ఒలికితే అడుగు మందం కాంక్రీటునూ, దాని కింద మూడడుగుల కంకరనూ తినేసిందని అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఒక కెమిస్టు రాసిపెట్టాడు. మరి స్టీలు ట్యాంకులో ఎలా ఆగుతుంది? లోపలి గోడ మీద పల్చగా ఫ్లోరైడ్ పొర కడుతుంది, అదే కాపాడుతుంది. ఆ పొర ఎక్కడైనా లేచిపోతే ట్యాంకే ఇంధనమైపోతుంది. నీ నౌకకు గుండు తగలనక్కర్లేదు, పక్కనుంచి దూసుకెళ్లిన దెబ్బకు ట్యాంకు లోపల చిన్న గీత పడితే చాలు. లోపలున్న ఇంజినీరుకు అది తెలుసు, కెప్టెన్‌కు తెలియదు. అక్కణ్ణుంచి రాసి చూడు.

పాదరసం జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లు. పాదరసంతో ఎగిరిన పురాణ విమానాల గురించి వాట్సాప్‌లో చదివి చదివి జనం విసిగిపోయారు. నిజానికి 1964లో అమెరికా సెర్ట్-1 ప్రయోగంలో పాదరసంతో అయాన్ ఇంజిన్ (విద్యుత్తుతో ఆవేశపు కణాలను వెనక్కి చిమ్మేది) అంతరిక్షంలో అరగంట నడిచింది. కాకపోతే అది నౌకను తోసే బలం మరీ తక్కువ. నెలల తరబడి మెల్లగా వేగం పెంచుకోవడానికి సరే, వచ్చే క్షిపణిని తప్పించుకోవడానికి పనికిరాదు.

లెక్క కూడా ఒక్కసారి వేసుకో, మరీ కష్టమేం కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే మంచి ఇంజిన్‌లో వాయువు సెకనుకు 4.4 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుంది. ఇంధనం కాకుండా 100 టన్నులున్న నౌక తన వేగాన్ని అంతే మార్చుకోవాలంటే 172 టన్నులు మండించాలి. దానికి రెట్టింపు మార్చుకోవాలంటే 639 టన్నులు. నీ కెప్టెన్ ఒక్క పేజీలో నాలుగు మలుపులు తిప్పాడు! ఇంకోటి, ద్రవ హైడ్రోజన్ ఘనపు మీటరుకు 71 కిలోలే తూగుతుంది. అంటే ట్యాంకు పెద్దది, శత్రువుకు గురి సులువు. పైగా అది ఆవిరైపోతూ ఉంటుంది. నెలల తరబడి పొంచి ఉండే నౌక అయితే, మన శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో పోసేలాంటిది పెట్టు: యూడీఎంహెచ్ అనే ఇంధనం, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్. బలం తక్కువే కానీ మామూలు ఉష్ణోగ్రతలో ద్రవంగా నిలవుంటాయి, కలిస్తే వాటంతటవే అంటుకుంటాయి. రెండూ విషాలే. గది నిండా ఎర్రటి పొగ అలుముకుంటే ఏ ట్యాంకు కారిందో ఎవరూ అడగక్కర్లేదు.

పోరాటం జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు ఇంధనం నింపే సన్నివేశం ఒక్కటి, రెండు పేజీలకు మించకుండా రాయి. పైపు బిగించేవాడి చేతులు కనపడాలి. వాడికి ఇంట్లో ఎవరున్నారో కూడా తెలిస్తే మంచిదే. ఈసారి ఫోన్‌లో ఫోటోలు తీసి పంపకు, నా కళ్లద్దాల నంబరు మారింది. టైపు చేసి పంపు.

ఉంటాను,
అన్నయ్య