పాపకి సికిల్ సెల్ అంటున్నారు, ప్రోటీన్ పౌడర్ పడితే తగ్గుద్దా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాడేరు వైపు, పదేళ్లుగా పెందుర్తిలో ఉంటున్నాం. మా పాపకి 9 ఏళ్లు. ఏడాదిగా కాళ్లు చేతులు పీకేస్తున్నాయని రాత్రిళ్లు ఏడుస్తుంది. హిమోగ్లోబిన్ 7.8 ఉంది, మెడికల్ షాపులో ఐరన్ టానిక్ ఇస్తే నాలుగు సీసాలు పట్టాం. కళ్లు పచ్చగా ఉన్నాయని కామెర్లకి పసరు కూడా వేయించాం. ఊళ్లో క్యాంపులో రక్తం చూసి సికిల్ సెల్ పాజిటివ్ అన్నారు. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ, డీఎన్ఏలో తప్పుంటే ప్రోటీన్ తప్పుగా తయారవుద్ది అంటున్నాడు. అయితే ప్రోటీన్ పౌడర్ పడితే సరిపోద్దా? డీఎన్ఏ టెస్ట్ చేయించాలా? ఆర్ఎన్ఏ ఇంజక్షన్లు వచ్చాయంట, వాటితో డీఎన్ఏ మార్చొచ్చా? రెండ్రోజుల నుంచి కొంచెం జ్వరంగా ఉంది.

జవాబు: మీరు చివర్లో రాసిన ముక్క దగ్గరే మొదలుపెడతాను. రెండ్రోజుల నుంచి జ్వరం. సికిల్ సెల్ అని డౌట్ ఉన్న పిల్లకి జ్వరం వస్తే ఇంట్లో చూద్దాం, రేపటికి తగ్గుద్దిలే అనుకునే లెక్క ఉండదు బాబూ. ఈ పిల్లల్లో ప్లీహం (స్ప్లీన్, రక్తంలో క్రిముల్ని పట్టే అవయవం) సరిగ్గా పని చెయ్యదు, బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తే గంటల్లో పరిస్థితి మారిపోవచ్చు. థర్మామీటర్‌లో 101 దాటినా, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నా, ఎడమ పక్కటెముకల కింద కడుపు గట్టిపడినా, మాట తడబడినా, ఓ చెయ్యి ఓ కాలు లాగేసినట్టున్నా క్యాజువాలిటీకే వెళ్లాలి. ఇవేమీ లేకపోయినా ఇది చదివిన రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ మీకు అంత దూరమేం కాదు.

పాపని చూడకుండా ఇది సికిల్ సెల్ జబ్బే అని నేను రాయలేను. క్యాంపులో చేసేది సాధారణంగా వడపోత టెస్ట్, అందులో పాజిటివ్ వస్తే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు జీన్లలో ఒక దాంట్లోనే తప్పుండి మామూలుగా తిరిగే క్యారియర్ కావచ్చు, రెండింటిలోనూ తప్పున్న జబ్బు కావచ్చు, తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే ఇంకో రక్త జబ్బు) కలిసిన రకం కూడా కావచ్చు. అయితే ఏడాదిగా నొప్పులు, 7.8 హిమోగ్లోబిన్, పచ్చ కళ్లు, ఈ మూడూ కలిపి చూస్తే ఉట్టి క్యారియర్ అని నాకనిపించట్లేదు. హెచ్‌పీఎల్‌సీ అని ఒక రక్త పరీక్ష ఉంది, అది చేయిస్తే చాలావరకు తేలిపోద్ది. డీఎన్ఏ టెస్ట్ అవసరమైతే తర్వాత వాళ్లే చెప్తారు, ముందే డబ్బులు పోసి చేయించక్కర్లేదు.

మీ అబ్బాయి చెప్పింది కరెక్టే, బాగా చదువుతున్నట్టున్నాడు. కాకపోతే దాన్నించి పౌడర్ డబ్బా దాకా ఎలా వెళ్లారో అర్థం కాలేదు. ఇల్లు కట్టేప్పుడు అసలు ప్లాన్ ఇంజనీర్ ఆఫీసులో ఉంటుంది, సైట్‌కి జిరాక్స్ వస్తుంది, మేస్త్రి ఆ జిరాక్స్ చూసి ఇటుక పేరుస్తాడు. కణంలో కూడా డీఎన్ఏ కేంద్రకం దాటి బయటికి రాదు, అవసరమైన జీన్ వరకు కాపీ తీసి పంపుద్ది, ఆ కాపీయే మెసెంజర్ ఆర్ఎన్ఏ. రైబోజోమ్ అనే మేస్త్రి దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ ఒక్కో మూడింటికి అమైనో ఆమ్లం అనే ఒక్కో ఇటుక అతికిస్తూ పోతాడు, ఆ గొలుసే ప్రోటీన్. ఈ మూడక్షరాల భాషని విప్పినందుకే మన హరగోవింద్ ఖొరానాకి 1968లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఉంటుంది, 146 అమైనో ఆమ్లాలు. దాని జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉంది. సికిల్ సెల్‌లో ఆ జీన్‌లో జీ ఏ జీ అని ఉండాల్సిన చోట జీ టీ జీ అని పడుద్ది, అంతే, ఒక్కక్షరం. దాంతో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది, మిగతా 145 బానే ఉంటాయి. కానీ ఆ ఒక్కటీ జిగురు చుక్కలాంటిది, ఆక్సిజన్ తగ్గగానే హిమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా సాగుతాయి, ఒక్కో ఎర్ర కణంలో హిమోగ్లోబిన్‌లు 27 కోట్ల దాకా ఉంటాయి, అన్నీ పుల్లలైతే కణం ఏమవ్వాలి? స్లైడ్ మీద చూస్తే గుండ్రటి కణాల మధ్య అక్కడక్కడా రెండు మొనలూ తేలి వరి కోసే కొడవలిలా కనపడతాయి. అవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే మీ పాప ఏడ్చే నొప్పి. మామూలు కణం 120 రోజులు బతికితే ఇవి 10, 20 రోజుల్లో పగిలిపోతాయి, అందుకే రక్తం తక్కువ, అందుకే కళ్లు పచ్చన. పసరు పోసేవాడికి ఈ పచ్చదనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, లివర్‌కి ఇంకో దెబ్బ తగలకపోతే అదృష్టం.

ఇప్పుడు పౌడర్ సంగతి. మీరు పట్టే ప్రోటీన్ పొట్టలో, పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విరిగిపోయాకే రక్తంలోకి వెళ్తుంది, అంటే ఇటుకలు. ప్లాన్‌లో తప్పుంటే లారీ ఇటుకలు ఎక్కువ దింపినంత మాత్రాన గోడ సరవుద్దా? గుడ్డు, పప్పు, పాలు పెట్టండి, పెరిగే పిల్లకి కావాలి. డబ్బా అక్కర్లేదు.

ఆర్ఎన్ఏ ఇంజక్షన్ గురించి ఒక్క మాట. అది కొన్నాళ్లుండి చిరిగిపోయే జిరాక్స్, కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏని మార్చదు. జీన్ ఎడిటింగ్ వైద్యం వేరు, దానికి 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చింది, అప్పుడు అమెరికాలో పెట్టిన రేటు 22 లక్షల డాలర్లు. అది మనం మాట్లాడుకునే స్థాయిలో లేదు.

మనకి అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా. పిల్లలు తల్లి కడుపులో ఉన్నప్పుడు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక ఆ జీన్ మూతపడుద్ది, ఈ మందు దాన్ని కొంత తెరిపిస్తుంది, దాంతో కణాలు వంకరపోవడం తగ్గుద్ది. క్యాన్సర్‌కి వాడే మందంట కదా అని చాలామంది మధ్యలో మానేస్తారు. డాక్టర్ చెప్తే మొదలుపెట్టండి, రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడండి, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, ఆపొద్దు.

ఇక నాలుగు సీసాల ఐరన్. ఎవరు రాశారు? షాపులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడా? ఈ జబ్బులో కణం పగిలితే అందులో ఐరన్ చాలావరకు ఒంట్లోనే ఉండిపోద్ది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చూసి తక్కువుందని తేలితేనే ఐరన్ ఇస్తాం, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ సంగతి వేరు. మొన్న చలికాలంలో ఏజెన్సీ నుంచి ఒక పిల్లాణ్ణి తెచ్చారు, వాడి అరచెయ్యి నా చేతిలో పెట్టుకుంటే సున్నం కొట్టినట్టుంది. మూడు రోజులు నొప్పికి డైక్లోఫినాక్ సూదులు వేయించారు, నీళ్లు సరిగా తాగించలేదు, నాలుగోరోజు నా దగ్గరికొచ్చేసరికి ఒంటేలు కూడా తగ్గిపోయింది. మొదటిరోజే వస్తే సెలైన్‌తో, సరైన నొప్పి మందుతో రెండ్రోజుల్లో ఇంటికెళ్లేవాడు. ఏటవుద్దిలే అనే మాట ఈ జబ్బులో వద్దు. నొప్పొస్తే బరువు లెక్కన పారాసిటమాల్, బాగా నీళ్లు, వెచ్చటి దుప్పటి, తగ్గకపోతే ఆసుపత్రి. పండక్కి ఊరెళ్తే పాడేరు చలిలో పొద్దున్నే చన్నీళ్ల స్నానం మాత్రం చేయించకండి.

పాపకి జబ్బే అని తేలితే మీరిద్దరూ, మీ అబ్బాయి కూడా హెచ్‌పీఎల్‌సీ చేయించుకోండి. మామూలుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు, కాబట్టి ఇంట్లో ఆవిణ్ణి అనకండి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నూటికి 25 వంతుల అవకాశం. అబ్బాయికి పెళ్లి సంబంధం చూసేలోపు తన రిపోర్ట్ చేతిలో ఉండాలి. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన ప్రాంతాల వాళ్లకి స్క్రీనింగ్ ఉచితం, ఊళ్లో ఏఎన్ఎంని అడిగితే చెప్తారు.

వెళ్లేటప్పుడు క్యాంపు కాగితం, పాత రక్త పరీక్షలు, ఆ టానిక్ సీసా కూడా పట్టుకెళ్లండి. పసరు తాగించిన సంగతి దాచకండి, డాక్టర్ తిడితే తిట్టనివ్వండి.